సింజార్ కొండ మీద నేనాడిన బేరం

ప్రొద్దుటూరులో మా బట్టలకొట్లో పెరిగినవాణ్ణి. నాలుగు కావాలంటే ఎనిమిది అడగాలి, అవతలివాడు నడిమికి తెంచుదామంటే ఏడుపు మొహం పెట్టి ఒప్పుకోవాలి. నాకు బాగా వంటబట్టిన చదువు ఇదే. తెగిన బేరాన్ని తిరగదోడడం మాత్రం మా ఇంటా వంటా లేదు. ఈ తెలివితోనే పోయినేడు ఒక పాడుపని చేశాను.

అప్పుడు పోటీ పరీక్షల పిల్లలకు ప్రపంచ చరిత్ర గైడు రాస్తున్నాను. అందులో ఒట్టోమన్ల కాలపు గవర్నరొకడు, ఒక పాషా, ఇప్పటి ఇరాక్‌లోని సింజార్ కొండ మీద బతికే యజీదీలనే చిన్న మతంవాళ్ళ పైకి సైన్యంతో పోయిన సంగతి ఉంది. నేను రాసిన నాలుగు వాక్యాలనూ ప్రెస్సు యజమాని ఒక్క వాక్యానికి కుదించి, పక్కన పాషా రంగుల బొమ్మ వేశాడు: "పాషా కొండజాతిని అణచి శాంతి నెలకొల్పాడు." ప్రూఫు చూడగానే ఒళ్ళు మండింది. ఊళ్ళు తగలబెట్టి, గుహల్లో దాక్కున్నవాళ్ళను చంపి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మితే దాని పేరు శాంతా?

"మామా, ఈ మాట తీసెయ్. నేను రాసిన నాలుగు వాక్యాలూ ఎయ్యి."

"యాడుందప్పా జాగా? ఆ కొండోళ్ళేమన్నా మన గైడు కొంటారా?"

"కొనరు గాబట్టి అబద్ధం ఎయ్యొచ్చునా?"

"శానా మాట్లాడ్తాండావు. నీది గాదు నాది గాదు, నడిమికి తెంచుదాం. రెండు."

బేరం ఖాయమన్నట్టు నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఏ రెండో కూడా అడగలేదు. గెలిచానన్న సంబరంతో జమ్మలమడుగు బస్సెక్కి, చిన్నప్పుడు నాకు చరిత్ర చెప్పిన మిషన్ బడి టీచరమ్మకు కొత్త ప్రూఫు చూపించాను. ఆమె అద్దాలు సర్దుకొని చదివింది.

"ఊళ్ళు కాల్చినారు, మనుషుల్ని చంపినారు. సరే. పిల్లోళ్ళను అమ్మింది యాడరా?"

"నడిమికి తెంచినాం టీచరమ్మా. ఆ రెండు పోయినాయి."

"వాళ్ళకు ఒకతూరి పాషా మనుషులు బేరం కట్టినారు. రెండోతూరి నువ్వు కట్టినావు."

ఆమె ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి లేచాను. పాషా మీద, యజమాని మీద ఎగిరిన నా కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది. అదే బస్సులో వెనక్కి ప్రెస్సుకు వచ్చాను.

"ఏందప్పా, తెంచినంక మళ్ళా వచ్చినావు? మీ నాయన ఎప్పుడన్నా ఇట్లా చేసినాడా?"

"చెయ్యలేదు మామా. నేను చేస్తాండా. ఆ పాషా బొమ్మ తీసెయ్, జాగా అదే వస్తాది."

"రంగుల బొమ్మప్పా!"

"అయితే గైడు మీద నా పేరు తీసెయ్."

ఆయన కంప్యూటర్ ముందు పేజీలు కూర్చే ఆమెకు తల ఊపాడు. బొమ్మ పోయి నాలుగు వాక్యాలూ ఎక్కేదాకా నేను ఆమె కుర్చీ పక్క నుంచి కదల్లేదు. నేను బేరానికి నిలబడే మనిషిని కానని ఆయన ఇప్పుడు బజారంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.