రెండో డిస్కు చివర

మా బావమరిది పెళ్ళి వీడియో రెండు డిస్కులు. తీసినాయన క్యాసెట్‌లోంచి వీసీడీలోకి ఎక్కించి, అత్తగారింటికి ఒక జత, మాకు ఒక జత ఇచ్చాడు. ఒక డిస్కులో డెబ్బై నాలుగు నిమిషాలకు మించి పట్టదు. అందుకని తలంబ్రాల దాకా మొదటిదాంట్లో, అప్పగింతలూ గృహప్రవేశమూ రెండోదాంట్లో వచ్చాయి. రెండోది అంచు దాకా నిండిపోయింది.

గృహప్రవేశం రేపల్లెలో, మా అత్తగారింట్లో. గడప దగ్గర ఆడపడుచు అడ్డం నిలబడి కొత్త జంట చేత పేర్లు చెప్పించాలి. ఆ ఆడపడుచు నా భార్య. ఆమె అడ్డం నిలబడగానే వాళ్ళ చెల్లెలు వెనకనుంచి అంటుంది: "ముందు నువ్వు చెప్పవే అక్కా, మీ ఆయన పేరు. తర్వాత వాళ్ళని అడుగుదువుగాని." అందరూ నవ్వుతారు. నా భార్య తల వంచుకుని నా పేరు చెబుతుంది.

మా కాపురంలో ఆమె నా పేరు పలికింది ఆ ఒక్కసారే. మిగతా రోజులన్నీ "ఏవండీ". ఆ సమయానికి నేను వీధి చివర బస్సులోంచి సామాను దింపిస్తున్నాను. తర్వాత డిస్కులో రెండు మూడు సార్లు విన్నాను, పేపరు చదువుతూ.

ఆ పెళ్ళయిన రెండేళ్ళకు ఆమె కామెర్లతో పోయింది.

కొన్ని నెలలకు బాపట్ల నుంచి మరదలు ఫోన్ చేసింది. "అక్క గొంతు వినాలనుంది బావా. ఆ డిస్కులు ఇటు పంపించండి." రేపల్లెలో ఉండాల్సిన జత అప్పటికే చేతులు మారి, రెండో డిస్కు ఎవరింట్లో ఆగిపోయిందో తెలియలేదు. మిగిలింది తెనాలిలో నా దగ్గరున్నదే. దాన్ని చేయి దాటించడానికి భయం వేసింది. మా ఇళ్ళల్లో గడప దాటే ప్రతి వస్తువు మీదా పేరుంటుంది. గిన్నె మీద, గంటె మీద, క్యారేజీ మూత మీద కూడా. రెండో డిస్కు పట్టుకుని స్టీలు సామాను కొట్టుకు వెళ్ళాను.

"ఇది గిన్నె కాదు కదండీ," అన్నాడు పేర్లు కొట్టే ఆయన.

"మెరిసే వైపు తగలనివ్వకండి. పైన, అంచు వెంబడి కొట్టండి."

"ఎవరి పేరండి?"

ఆమె పేరు చెప్పాను.

"అమ్మగారికి సినిమాలంటే అంత ఇష్టమా?" అంటూ మిషను అందుకున్నాడు. అవునండి అన్నాను.

డిస్కులు నేనే బాపట్ల తీసుకెళ్ళాను. గడప దాకా బాగానే ఆడింది. మరదలి మాట వినిపించింది, నవ్వులు మొదలయ్యాయి. నా భార్య తల వంచుతుండగా ఆమె ముఖం చదరపు గళ్ళయి నిలిచిపోయింది. మరదలు డిస్కు తీసి పైటచెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. అక్కడే ఆగింది.

తెనాలి వచ్చి వీడియో తీసినాయన్ని క్యాసెట్ అడిగాను. "నెల తిరక్కుండానే దానిమీద ఇంకో పెళ్ళి తీసేశానండి," అన్నాడు. డిస్కు కిటికీకి ఎత్తి చూశాడు. అక్షరాల్లోంచి వెలుతురు కనిపించింది. "మెరిసే వైపు మందంగా ప్లాస్టిక్కండి, గీత పడినా ఒక్కోసారి ఆడుద్ది. బొమ్మంతా ఈ పైవైపే ఉంటది, వార్నిషు కింద. మీరు సరిగ్గా దానిమీదే కొట్టించారు."

తర్వాత పుస్తకాలు తెచ్చి చదివాను. డిస్కును ప్లేయరు లోపలినుంచి అంచు వైపు చదువుతుంది. పెళ్ళి చివరి ఘట్టం ఉన్నది నేను చూపించిన అంచునే. ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచరు, ముందు బొమ్మకూ దీనికీ ఉన్న తేడానే దాస్తారు. ఒకటి పోతే వెనక వచ్చేవాటికి ఆధారం ఉండదు. కంప్యూటరు డిస్కుల్లో పోయిన అంకెల్ని మళ్ళీ లెక్కగట్టడానికి కొన్ని అంకెలు అదనంగా రాస్తారు. వీసీడీలో బొమ్మకు చోటు చాలక వాటిలో ఒక వరుస తీసేశారు. సినిమాలో క్షణంపాటు మచ్చ కనిపిస్తే చూసేవాడు సర్దుకుంటాడని వీసీడీ తయారుచేసినవాళ్ళ అంచనా. అది తప్పని అనలేను.

మూడు కంప్యూటరు షాపుల్లో కాపీ చేయించాను. మూడుచోట్లా ఆ చోటనే నిలిచిపోయింది. అక్షరాల మీద వెండి కాగితం అంటించాను. దానివల్ల ఏమీ కాదని తెలిసే అంటించాను.

చివరికి మళ్ళీ బాపట్ల వెళ్ళి మరదలిని అడిగాను. "ఆ రోజు మీ అక్క ఎలా అంది?"

"ఎలా ఏంటి బావా? మీ పేరే."

"అది కాదమ్మా. మెల్లగానా, గబగబానా? చివర గారు అందా?"



"నేను నవ్వుతున్నాను బావా. సరిగా వినలేదు."

ఇంటికి వచ్చి డిస్కు పెట్టాను. గడప, మరదలి మాట, నవ్వులు. ఆమె తల వంచింది. ఆగిపోయింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను.