నాయనా అనడం మానేసిన అత్త

పోయిన శుక్రవారం పొద్దున మాచర్ల నుంచి వచ్చిన బస్సు డ్రైవరు, గురజాలలో నేను పనిచేసే బట్టల కొట్టు ముందు ఆగి కబురు చెప్పాడు. మాచర్లలో మా పక్కింటి అత్త చనిపోయింది. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు ముసల్మానులు, మేము కాదు. గోడకు అటు ఆమె, ఇటు మేము. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నాకు అత్తే.

భర్త పోయాక బొంతలు కుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఎవరు ఏ కష్టం చెప్పుకోవడానికి వచ్చినా, "ముందు తిను. ఏడిచేదేదో తర్వాత ఏడుద్దువులే" అనేది. కొడుకునూ నన్నూ కూడా "నాయనా" అనే పిలిచేది. ఒక్క పిలుపుకు ఇద్దరం పలికేవాళ్ళం.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా ఇద్దరికీ పదహారేళ్ళు. నాపరాళ్ళ గనిలో పనికి కుదిరాం. ఒకరోజు పలక జారి నా చేతి మీద పడి రెండు వేళ్ళు నలిగాయి. నేను అరుస్తుంటే పెద్ద కూలీ ఒకడు మిరియపు గింజంత నల్లమందు టీలో కలిపి ఇచ్చాడు. నొప్పి పోయింది. నొప్పే కాదు, ఆకలి, భయం, నాన్న తిట్లు, అన్నీ పోయాయి. వేళ్ళు మానాయి, నేను మానలేదు.

మిరియపు గింజ శనగ గింజంత అయింది. పొద్దున అది పడకపోతే ముక్కు కారేది, కాళ్ళు లాగేవి. అమ్మకు చెప్పే అబద్ధాలు నాకే గుర్తుండేవి కావు. ఒక్కణ్ణే తినబుద్ధి కాక, అత్త కొడుకు నడుం నొప్పి అంటే నేనే వాడి చేతిలో పెట్టాను. వాడు వద్దన్నాడు. "ఏం కాదురా, నేను తినట్లా?" అన్నాను.

ఏడాది తిరక్కముందే, ఒక మధ్యాహ్నం వాడు మత్తులో గని అంచు నుంచి తూలి లోపలికి పడిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. లేచి పట్టుకునేంత తెలివి నాకు లేదు. వాణ్ణి పూడ్చిపెట్టి వచ్చిన రోజు కూడా నేను నల్లమందు తిన్నాను.

మరో నాలుగు నెలలకు నాన్న నన్ను మంచానికి కట్టేశాడు. వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా పిండుతున్నట్టు బాధ. అమ్మ భయపడి ఏడుస్తూ కూర్చుంటే, అత్త వచ్చి నా ఒళ్ళు తుడిచింది, కాళ్ళు పిసికింది.

"అది లేకపోతే చస్తాను అత్తా."

"చావవు నాయనా. నా బిడ్డకి ఎవడు అలవాటు చేశాడో, వాడే నిన్ను కూడా చెడగొట్టి ఉంటాడు."

రెండు రోజులు నిజం చెప్పలేకపోయాను. మూడో రోజు చెప్పేశాను. "అత్తా, వాడికి పెట్టింది నేనే."

చేతిలోని తడిగుడ్డ కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఏడుపు వినిపిస్తుందేమోనని గోడ వైపు చెవి పెట్టాను. ఏమీ వినిపించలేదు.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు జొన్న గంజి తెచ్చి మంచం పక్కన పెట్టి, మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

"నీ మొహం చూస్తే కడుపు మండుద్దిరా. తాగు."

"అత్తా..."

"మాట్టాడమాక. నువ్వు కూడా పోతే వాడి సంగతులు నాకు చెప్పేదెవరు? తాగు."

నేను తాగేదాకా లేవలేదు. నేను లేచి నడిచేదాకా రోజూ వచ్చింది.

ఆ తర్వాత ఏడేళ్ళు బతికింది. నేను వెళ్ళినప్పుడల్లా అన్నం పెట్టి, కొడుకు గనిలో ఏం పాడేవాడో, ఎవరితో కొట్లాడేవాడో అడిగేది. చెప్పిందే మళ్ళీ చెప్పించుకునేది. నన్ను మాత్రం మళ్ళీ "నాయనా" అనలేదు. నోరు జారైనా అంటుందేమోనని ప్రతిసారీ ఎదురుచూశాను. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అన్నం పెట్టింది. నేను మళ్ళీ నల్లమందు ముట్టలేదు. ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఒళ్ళు అటే లాగుతుంది. అప్పుడు ఆమె తిప్పుకున్న మొహం గుర్తుకొస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆమెను తీసుకెళ్ళారు. నేనూ భుజం ఇచ్చి మోశాను, ఎవరూ వద్దనలేదు. కొడుకు సమాధి పక్కనే గొయ్యి తవ్వారు. తవ్విపోసిన గుట్ట నుంచి కొంత మట్టి జారి కొడుకు సమాధి మీద పడింది. పార పట్టుకున్న పెద్దాయన దాన్ని తియ్యబోయి ఆగాడు.

"ఉండనీలే" అన్నాడు.