ఊఁ అక్క

ఆఫీసులో ఆమెను అందరూ ఊఁ అక్క అంటారు. ఎవరేం చెప్పినా తల తిప్పకుండానే ఊఁ అంటుంది. చూపు మాత్రం తెర దాటి, కిటికీ అవతల మబ్బుల్లో ఎక్కడో తేలుతుంటుంది. ఉత్తరాలూ వ్యాసాలూ రాసుకునే ప్రోగ్రామ్‌లో చెవి ఒగ్గి వినే భాగం కోడ్ రాసింది ఆమే. ల్యాప్‌టాప్ మూత మూశారనో, నిద్రలోకి వెళ్తున్నాననో కంప్యూటర్ పంపే కబుర్లు అందుకుని, ప్రోగ్రామ్ చేత తగిన పని చేయించాలి. ఈమధ్య మూత మూసి తెరిస్తే చివర రాసిన నాలుగు వాక్యాలూ మాయమవుతున్నాయని ఒకటే ఫిర్యాదులు. మూడు రోజులు వెతగ్గా తప్పు తన కోడ్‌లోనే దొరికింది. "పడుకోబోతున్నా" అని కంప్యూటర్ అనగానే ప్రోగ్రామ్ "సరే" అనేస్తోంది. రాసింది దాచడం ఆ తర్వాత మొదలుపెడుతోంది. సరే అన్నారు కదా అని కంప్యూటర్ హాయిగా కళ్లు మూసుకుంటోంది. ముందు దాచి, ఆ తర్వాతే సరే అనేలా ఆ రెండు లైన్లనీ అటూ ఇటూ మార్చింది. మార్చాక, తానూ అంతేగా, వినకముందే ఊఁ అనేస్తానుగా అనుకుంది.

మర్నాడు పొద్దున, భర్త రోజూలాగే చొక్కా గుండీలు పెట్టుకుంటూ తనకొచ్చిన కల చెప్పసాగాడు. నీళ్ల మీద తేలే వీధి, దాని చివర నీలం తలుపు. రోజూ వినిపించే ఊఁ ఎంతకీ వినిపించకపోయేసరికి కంగారుగా ఆగాడు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. వింటున్నా. తలుపు తీశారా మరి?"

ఆయన గుండీ వదిలేసి, ఆమె పక్కన మెల్లగా కూర్చున్నాడు.

"ఏమో, గుర్తులేదు. ఇన్నేళ్లూ నువ్వు అడగలేదుగా, కలని అంతదాకా ఎప్పుడూ దాచుకోలేదు."