నాన్న నడిచిన రీలు

స్టూడియోలో ఆమెను అందరూ టచింగమ్మ అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక్క క్షణం ఆలోచించుకుని పలికేది. నెగటివ్‌ల మీద సన్నటి బ్లేడుతో గీకి, పెన్సిలు మొనతో అద్ది, మొహాల మీది మచ్చలూ ముడతలూ మాయం చేయడం ఆమె పని. ఆ ఊళ్లో ఫొటో దిగిన మొహాలన్నీ ఆమె చేతుల మీదుగానే నునుపు తేలాయి. "టచింగమ్మా, ఫొటో దాకా ఎందుకు, నా మొహమే కాస్త గీకిపెట్టరాదూ" అని వచ్చినవాళ్లు ఆడే హాస్యానికి ఆమె ప్రతిసారీ అప్పుడే విన్నట్టు నవ్వేది.

అలా నవ్వడం అక్క దగ్గర నేర్చుకుంది. అక్క ఎవరి మనసూ నొప్పించదు. స్టూడియో మూతపడి ఇంటిపట్టున కూర్చున్నాక, ఆ గుణమే టచింగమ్మ ప్రాణానికి వచ్చింది.

బావ పోయాక అక్క ఆమె దగ్గరికే వచ్చి ఉంటోంది. వచ్చిన కొన్నాళ్లకే చూపు మందగించింది. కంటి వెనక పొర నడిమధ్య చెడిందనీ, సూటిగా చూస్తే మసక తప్ప ఏమీ ఉండదనీ, పక్కచూపు మాత్రం కాస్త మిగిలిందనీ డాక్టరు చెప్పాడు. ఆ కాస్తా ఎంతకాలం ఉంటుందో చెప్పలేనన్నాడు. అక్క అంతా విని, "పోనీలెండి, చూడాల్సినవన్నీ చూసేశాను" అని ఎదురు డాక్టరునే ఓదార్చింది. ఇంటికి వచ్చాక ఏది చూపించినా "బాగుందే" అనడం మొదలుపెట్టింది. ఒకరోజు టచింగమ్మ ఉత్త చేతులు చాచి, "అక్కా, ఈ గుడ్డ రంగెలా ఉంది?" అని అడిగింది.

"నీ ఒంటికి నప్పుతుందే బుల్లీ."

టచింగమ్మ చేతులు దించేసింది. అక్కకు పరీక్ష పెట్టినందుకు సిగ్గేసింది. సిగ్గు ఆ పూటతో పోయింది గానీ భయం పోలేదు. ఇకమీదట అక్కకు నిజంగా ఏం కనిపిస్తోందో, ఏ మాట తనను నొప్పించకుండా అంటోందో తేల్చుకునే దారి లేదు. పక్కనే కూర్చున్న మనిషి రోజుకింత దూరం జరిగిపోతూ, ఇక్కడే ఉన్నాలే అని పలుకుతున్నట్టుండేది.

పక్కవీధిలో ఒక సినిమా సంఘం ఉంది. స్టూడియో డార్క్‌రూములో ఒకప్పుడు పనిచేసిన మనిషే ఇప్పుడు అక్కడ ప్రొజెక్టరు ఆపరేటరు. "కుర్చీలు ఎటూ ఖాళీగా ఉంటాయి, మీ అక్కాచెల్లెళ్లు వచ్చి రెండు నింపండి" అని ఒకసారి పిలిచాడు. ఆ రోజు వేసినవాటిలో కెమెరా లేకుండా చేసిన చిన్న సినిమా ఒకటుంది. ఎవరో నల్లటి ఫిల్ము మీద సూదితో గీతలు గీశారట. కథ లేదు, మనుషులు లేరు. తెర మీద తెల్లటి గీతలు ఎగిరి, మెలికలు తిరిగి, ఒకదాన్నొకటి తరుముకున్నాయి. జనం దగ్గుతున్నారు. అక్క మాత్రం తల పక్కకు తిప్పి, చెవితో చూస్తున్నదానిలా కూర్చుని, "అదిగో. గెంతింది. మళ్లీ గెంతింది" అంది.

ఎవరూ అడక్కుండా అంది. ఆ మాట పట్టుకునే టచింగమ్మ ఇల్లు చేరింది. బీరువా పైనున్న రేకు డబ్బా దించింది.

అందులో ఒక రీలుంది. స్టూడియో యజమాని కొత్తగా సినిమా కెమెరా కొన్నప్పుడు అది పనిచేస్తుందో లేదో చూద్దామని గుమ్మంలో నిలబడి తీశాడు. నాన్న సైకిలును చేత్తో నడిపించుకుంటూ రోడ్డు దాటి కెమెరా వైపు వస్తాడు. అంతే. నిమిషం కూడా ఉండదు. అక్క అప్పుడు అత్తగారింట్లో ఉంది, ఆ రీలు ఎన్నడూ చూడలేదు. మూత తీస్తే, పాతబడి చెడిపోతున్న ఫిల్ము పుల్లటి వాసన ముక్కులు అదరగొట్టింది. దానికి కాపీ తీయమని పంపితే ల్యాబ్ వాళ్లు, ఫిల్ము ముడుచుకుపోయింది, మా మెషిను పళ్లకు అందదు అని అప్పటికే ఒకసారి తిప్పి పంపారు.

తన ఆలోచన చెప్పేసరికి, చూసిపోదామని వచ్చిన తమ్ముడు ఇంతెత్తున లేచాడు.

"ఉన్నది ఒక్కటి చిన్నక్కా. నాన్న కదిలే బొమ్మ ఇంకెక్కడా లేదు. దాన్ని తీసుకుని గీకుతానంటావా?"

"ఉన్నదున్నట్టు వేస్తే అక్కకు బూడిద మీద బూడిదేరా. చుట్టూ వెలుతురు ఆపే రంగు వేసి నాన్న ఒక్కణ్ణే గీకితే, ఆయన మేరకు వెలుతురు పడుతుంది. పక్కచూపుకైనా అందుతాడు."

"అందకపోతే?"

ఆమె బ్లేడు సానపెడుతూ ఉండిపోయింది.

"నా కళ్లు బాగానే ఉన్నాయి. నేను చూడొద్దా నాన్నను?"

"చుట్టూ వేసేది కడిగితే పోయే రంగే. వీధి ఎక్కడికీ పోదు. నాన్న ఆకారం ఎటూ ఉంటుంది."

తమ్ముడు డబ్బా వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇది ఏడాది తిరిగేలా లేదులే ఎటూ" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత ఊరికే ఉండలేక రోజు విడిచి రోజు ఫోన్ చేసి, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవాడు, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా.

పాత టచింగ్ బల్ల కిటికీ పక్కకు జరిపింది. వాలుగా నిలబెట్టిన పాలరంగు గాజు, దాని కింద కిటికీ వెలుతురును పైకి విసిరే అద్దం. రీలును పట్టీలుగా కోసి, ఒక్కోదాన్నీ ఆ గాజు మీద పరిచి, భూతద్దం కంటికి ఆనించి, మధ్యాహ్నం అక్క కునుకు తీసే వేళల్లో కూర్చునేది. ఒక్కో బొమ్మా చిటికెనవేలి గోరంత. మెరుపు లేని వైపు బొమ్మ ఉంటుంది. ఆ పొరను బ్లేడుతో లేపేస్తే కింద గాజులాంటి ఫిల్ము మిగిలి వెలుతురు పోతుంది. వెలుతురు ఆగాల్సిన చోట, నెగటివ్‌లకు వాడే చిక్కటి ఎర్రరంగు పూయాలి, తెర మీద అది నలుపే. కుంచె మొన నాలుక మీద తడుపుకోవడం ఆమెకు పాత అలవాటు. తమ్ముడు ఒకసారి వచ్చి, "ఎవరి రక్తం తాగొచ్చావు?" అన్నాడు. అద్దంలో చూసుకుంటే నిజంగానే అలా ఉంది.

మొదట్లో చేయి దానంతటదే నడిచింది. కొంప ముంచింది అదే.

ఆమె జీవితమంతా పని చేసింది నెగటివ్‌ల మీద. అక్కడ అంతా తలకిందులు. మొహం తెల్లగా రావాలంటే దాని మీద రంగు అద్దాలి, నల్లగా రావాలంటే గీకాలి. ఈ రీలు నెగటివ్ కాదు, ఉన్నది ఉన్నట్టే తెర మీద పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, చేతికి తెలియదు. చేయి నాన్నకూ సైకిలుకూ నిలువునా శ్రద్ధగా రంగు పూసింది. చుట్టూ ఉన్న వీధినంతా నున్నగా గీకేసింది. ఒక మధ్యాహ్నం ఆరిన పట్టీని కిటికీకి ఎత్తిపట్టి చూసుకుంది. తెల్లటి వెలుతురులో బొమ్మ తర్వాత బొమ్మగా నాన్నంత నల్లటి కంత నడుస్తోంది.

పట్టీని బల్ల మీద పెట్టబోతే చేతిని అంటుకుని రాలేదు. వేళ్లకు అంత చెమట.

రంగు తడిదూదితో పోతుంది. గీకింది తిరిగి రాదు. వీధి పోయింది, ఎదుటి కొట్టు బోర్డు పోయింది, గోడకు ఆనుకుని చూస్తున్న మనుషులెవరో పోయారు. కాళ్ల దగ్గర మరీ అన్యాయం. నాన్న ఎడమ కాలు సైకిలు చక్రం వెనక, నీడలో ఉంది. నీడ అనుకుని బ్లేడు కాలును కూడా లేపేసింది. కాళ్లు కనిపించే బొమ్మలన్నీ అప్పటికే అయిపోయాయి, వాటిని మొదటి నుంచీ మళ్లీ చేసింది. నాన్న మీదా సైకిలు మీదా ఉన్న రంగు కడిగి, రెంటినీ గీకి, పోయిన వీధి అంతటా ఎర్రరంగు పూసింది. ఎడమ కాలు ఎక్కడ పడి ఉంటుందో కుడికాలును బట్టి ఊహించి, రంగు మధ్యలో ఆ కాస్త చోటు ఖాళీగా వదిలింది. ఇక్కడ పడి ఉంటుంది, తర్వాతి బొమ్మలో కాస్త ముందు, ఆ తర్వాత ఇంకాస్త ముందు. గీకిన ఫిల్ము మీద రంగు నిలవడం లేదు, వేలితో వంచితే పెచ్చు లేస్తోంది. రంగులో జిగురు చుక్క కలిపింది. ఆ సాయంత్రం ఫోన్‌లో తమ్ముడు ఎంతవరకు వచ్చిందని అడిగితే, "బాగానే ఉందిరా" అంది. ఆ గొంతు అచ్చం అక్కదిలా ఉందని ఫోన్ పెట్టేశాక తోచింది.

పట్టీలు అతికించిన రీలును ఆపరేటరు వేళ్ల మధ్య జార్చి చూసి పెదవి విరిచాడు.

"రంగు మందంగా ఉందమ్మా. దీపం ముందు ఎక్కడైనా ఇరుక్కుని ఆగిందంటే ఆ వేడికి కాలిపోద్ది."

"మరెలా?"

"మోటారు బెల్టు తీసేస్తా. చేత్తో మెల్లగా తిప్పితే ముడుచుకున్న ఫిల్మైనా పళ్లకు పడుతుంది. ఇరుక్కుంటే చేతికి తెలుస్తుంది. ఒక్కసారికి నాదీ పూచీ. రెండోసారికి మాత్రం నన్నడక్కండి."

ఆ ఆదివారం మధ్యాహ్నం సంఘం గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టారు. తమ్ముడు అందరికంటే ముందే వచ్చి కుర్చీ చివర కూర్చున్నాడు. ఒక్క మాట కూడా జారకూడదని టచింగమ్మ అతనికి ముందే గట్టిగా చెప్పింది. అక్క తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చింది.

"ఏం సినిమానే ఇది?"

"నేను చేసిందే. ఏముందో నువ్వే చూసి చెప్పాలి."

"నువ్వు చేస్తే బాగోకపోవడమేంటి."

దీపం వెలిగింది. ఆపరేటరు చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. ముందు కట్టిన నల్ల ఫిల్ము కటకటమంటూ పోతోంది, తెర మీద ఉత్త నలుపు.

"బాగుందే" అంది అక్క.

తమ్ముడు చేత్తో నోరు మూసుకున్నాడు. అది నవ్వో ఏడుపో ఆ చీకట్లో తెలియలేదు. టచింగమ్మ తెర మీంచి చూపు తిప్పేసుకుంది. ఇంత చేసి, వీధిని చెరిపి, ఉన్న ఒక్క రీలునూ పాడుచేసి, చివరికి వినేది ఆ మాటేనా.

అప్పుడు వెలుతురు మనిషి వచ్చాడు. అంచులు వణుకుతున్నాయి, రంగు పెచ్చు లేచిన చోటల్లా నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. మధ్యలో తెల్లటి మనిషి, పక్కన తెల్లటి రెండు చక్రాలు. అక్క తల మెల్లగా పక్కకు తిరిగింది. గోడను చూస్తున్నదానిలా కూర్చుంది. టచింగమ్మ తెర వైపు చూడలేదు, అక్క చెంపనే చూస్తోంది. ఒకచోట చక్రం బిగుసుకుంది. ఆపరేటరు పళ్లు బిగబట్టి వెనక్కి అరంగుళం తిప్పి, మళ్లీ ముందుకు లాగాడు. ఎక్కడా కాలలేదు. రీలు అయిపోయి తోక టపటప కొట్టుకుంది.

అక్క "బాగుంది" అనలేదు.

"నాన్నే కదూ" అంది అక్క.

టచింగమ్మ అక్క వైపు కుర్చీ జరుపుకుంది.

"మొహం తెలీలేదే. నడక చూసి పోల్చుకున్నా. ఎడమ కాలు ఈడుస్తున్నాడుగా, మంచాన పడబోయే ముందు ఈడ్చినట్టే." కాసేపు ఆగి అడిగింది. "ఎప్పుడు తీశారే ఇది?"

"తమ్ముడికి ఉద్యోగం వచ్చిన ఏడు."

"అంటే మంచాన పడ్డానికి ఎన్నో ఏళ్ల ముందు. అప్పటికే మొదలైందన్నమాట."

"అప్పుడు నాన్న బానే నడి..." అని తమ్ముడు అందుకోబోయాడు. టచింగమ్మ అతని చెయ్యి పట్టుకుని నొక్కింది.

ఆ కాలు తనది. తను వదిలిన చోటే అది. అలా అనుకుంటూనే, ఆ అనుకోవడం మీదా అనుమానం పట్టుకుంది. బ్లేడు లేపేయకముందు ఆ నీడలో కాలు ఎలా ఉండేది? ఒక్కో బొమ్మా విడివిడిగా చూసింది గానీ నడక చూడలేదు. నిజంగానే ఈడ్చాడేమో, మిగిలిన ఆనవాలును బట్టే తన చెయ్యి సరిగ్గా పెట్టిందేమో. లేక చివరి రోజుల్లో చూసిన కాలు కంట్లో ఉండిపోయి, ఊహలోకి అదే వచ్చిందేమో. తిరగేసి చూసుకుందామంటే ఇంకో కాపీ లేదు. గీకిన పొడి ఏనాడో ఊడ్చి పారబోసింది.

"రోజూ నీ కళ్ల ముందే తిరిగేవాడు" అంది అక్క. గొంతులో మెత్తదనం లేదు. "ఎవరి మొహం మీద ఆవగింజంత మచ్చున్నా పట్టేదానివి. కన్నతండ్రి కాలు ఈడుస్తుంటే గమనించలేదుటే? అప్పుడే డాక్టరుకు చూపిస్తే అన్నేళ్లు మంచంలో ఉండేవాడా?"

అక్క ఒకరిని నొప్పించే మాట అనగా టచింగమ్మ వినడం అదే మొదటిసారి. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అక్క చూసింది. నిజంగా చూసింది కాబట్టే కోపమొచ్చింది.

ఆ కాలు నేను గీసిందక్కా అంటే చాలు, నింద తప్పిపోతుంది. అక్కకు మాత్రం తన కళ్ల మీద మిగిలిన ఆ కాస్త నమ్మకం కూడా పోతుంది. రేపట్నుంచి మళ్లీ అక్క నోట ప్రతిదీ "బాగుందే".

"లేదక్కా" అంది టచింగమ్మ. "గమనించలేదు."

"గమనించాల్సింది."

"గమనించాల్సిందే."

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. అతనికి ఏదో అర్థమైంది.

ఆపరేటరు రీలు వెనక్కి చుట్టి, దీపానికి ఎత్తిపట్టి చూస్తున్నాడు. "అక్కడక్కడా రంగు లేచిపోయిందమ్మా. డబ్బాలో పెట్టేయమంటారా?"

"ఇంకోసారి వెయ్యి బాబూ" అంది అక్క, కుర్చీ పక్కకు తిప్పుకుంటూ. "ఈసారి ఆ కాలొక్కటే చూస్తా."

ఆపరేటరు టచింగమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. తమ్ముడి చెయ్యి ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. ఈసారి ఆమె కూడా తెర వైపు తిరిగింది.