మావయ్య వద్దన్న ఇసుక తిన్నె

మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో చర్చిలో ఉన్న సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారిగా కూతపెట్టాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని సర్కారు వారు పంపిన హెచ్చరిక అది. కుర్రకారు నవ్వుకుంటూ నొక్కేసి జేబుల్లో పెట్టుకున్నారు, పాట కూడా ఆగలేదు. నాకు మాత్రం ఆ తర్వాత చరణం ఒక్కటీ గుర్తు రాలేదు. దివిసీమలో చుట్టాలున్న నా వయసు వాళ్లకు ఎందుకో వివరించి చెప్పక్కర్లేదు.

డెబ్భై ఏడులో దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చి వెళ్లి ఇరవై ఏళ్లు కావస్తున్న రోజులవి. నేను గుడివాడలో హైస్కూలు మాస్టారిని, ఆదివారాలు మా సంఘంలో యవ్వనస్తుల కూటం చూసుకునేవాణ్ణి. ఒకసారి బందరులో పెద్ద గుడికి వెళ్లినప్పుడు, రేవు వైపు నుంచి వచ్చిన బెస్త ఆడవాళ్లు కొందరు లోపలికి రాకుండా ఎండలో కిటికీ పక్కన నిలబడి వాక్యం వింటూ కనిపించారు. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నాయి కదమ్మా అంటే, వాళ్లలో పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వలల కాడ్నుంచి తిన్నగా వచ్చేశామండీ. లోపల కూకుంటే పెద్దోళ్లు ముక్కులు మూసుకుంటారండీ" అంది. ఆ మాట నన్ను గుడివాడ దాకా బస్సులో వెంటాడింది. గోడలూ బెంచీలూ లేని చోట, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర ఇసుక మీద, దసరా సెలవుల్లో మూడు రోజుల పాటు బందరు, గుడివాడ, దివిసీమ సంఘాల యవ్వనస్తుల్నీ ఆ చుట్టుపక్కల బెస్త పల్లెల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూటాలు పెట్టాలన్న ఆలోచన అలా పుట్టింది.

ఆ రోజుల్లో పెద్దల మాట లేకుండా సంఘంలో ఒక బల్ల ఈ గోడ నుంచి ఆ గోడకు జరిగేది కాదు. మా గుడివాడ అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఓపికగా విని, గాలికి మైకు వినపడదేమో, పెళ్లి కావలసిన ఆడపిల్లల్ని సముద్రపొడ్డుకు పంపమంటే తల్లిదండ్రులు ఏమంటారో అని సందేహపడి, చివరికి బందరు వాళ్లు సరేనంటే తనకు అభ్యంతరం లేదన్నారు. బందరు పెద్దయ్యగారు తమ వసారాలో పడక కుర్చీలో కళ్లు మూసుకుని నా మాటలన్నీ విన్నారు. నిద్రపోయారేమోనని నేను ఆగాను. ఆగగానే కళ్లు తెరిచి, "దివిసీమ అయ్యగారు ఊఁ అంటే మేమూ ఊఁ అంటామండీ మాస్టారూ" అన్నారు. ఆయన అననే అనరన్న ధీమా ఆ గొంతులో వినిపించింది.

దివిసీమ అయ్యగారంటే మరెవరో కాదు, మా అమ్మకు స్వయానా అన్నగారు, మా మావయ్య. కోడూరు దాటాక ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉండేవారు. ఉప్పెనలో మా అత్తయ్యా, వాళ్ల ఒక్కగానొక్క కూతురూ పోయారు. ఆయన ఎలా బతికారో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. గుడి మళ్లీ కట్టుకున్నారు, ఇల్లూ కట్టుకున్నారు గానీ, ఆ ఇంట్లో తూర్పు కిటికీలకు మేకులు కొట్టించి ఉండేవి. వేసవిలో ఎంత ఉక్కపోసినా వాటిని తీయనిచ్చేవారు కాదు. సముద్రం అక్కడికి సైకిలు దూరమే అయినా ఆయన అటు వెళ్లగా చూసిన వాళ్లు లేరు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇంకెక్కడైనా పెట్టుకొమ్మన్నారు. రెండోసారి నన్ను నోరు తెరవనివ్వకుండా వరికి పట్టిన దోమపోటు గురించే మాట్లాడి, ఉలవచారుతో అన్నం పెట్టి పంపించేశారు. మూడోసారి ఏమనుకున్నారో, రారా అని పొలాల మీదుగా నడిపించుకుంటూ తీసుకెళ్లి ఒక దిబ్బ దగ్గర ఆగారు. చుట్టూ చేను పొట్టకు రాబోతోంది, ఆ దిబ్బ మీదికి మాత్రం నాగలి వెళ్లిన గుర్తు లేదు. గడ్డి మరీ పచ్చగా ఉంది, చూడబుద్ధి కానంత పచ్చగా.

"మీ అత్తా, పిల్లా ఇందులో ఉన్నారో లేదో కూడా నాకు తెలీదురా. ఎవరు దొరికితే వాళ్లని ఇక్కడే కప్పెట్టేశాం" అన్నారు మావయ్య.

బతిమాలడానికి వెళ్లిన వాణ్ణి క్షమించమని అడగబోయాను. అప్పుడాయన, అసలు సముద్రపొడ్డే ఎందుకు కావలసి వచ్చిందని అడిగారు. కిటికీ దగ్గర నిలబడ్డ పెద్దావిడ సంగతి చెప్పాను. వంగి ఒక గడ్డిపోచ తుంచి, "సరే. నేనూ వస్తా" అన్నారు. గెలిచానన్న సంతోషం రావలసింది, రాలేదు. తిరుగు బస్సులో పులిగడ్డ వంతెన దాటుతుంటే, ఈ మనిషిని నేను ఎక్కడికి లాక్కెళ్తున్నానా అని భయం పట్టుకుంది.

కూటాల మొదటి రోజు బాగానే గడిచింది. సరుగుడు తోట అంచున షామియానా, కింద చాపలు, కిరోసిన్ పొయ్యిల మీద వంట. బెస్త పల్లెల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. బందరు పెద్దావిడ కూడా ఆ పల్లెల్లోని తన బంధువుల ఇంటికి వచ్చి, అక్కడి నుంచి కూటానికి వచ్చింది. వచ్చారు గానీ చాపల అంచునే, కాస్త ఎడంగా కూర్చున్నారు. ఇసుక మీద కూడా ఎవరి చోటు వాళ్లదే అయింది. మావయ్య ఎవరితోనూ కలవకుండా, ఒడ్డున బోర్లించిన పడవ మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు.

రెండో రోజు మధ్యాహ్నానికి గాలి పూర్తిగా పడిపోయింది. సరుగుడు చెట్లు, ఎప్పుడూ ఏదో ఒకటి గొణిగేవి, మూగవైపోయాయి. గాలి లేకపోయినా కెరటాలు మాత్రం బరువుగా, దూరం దూరంగా వచ్చి విరుగుతున్నాయి, ఒకటి విరిగాక రెండోది ఇక రాదేమో అనిపించేంత ఎడంతో. రేడియోలో వార్తలు వచ్చాయి. వాయుగుండం బలపడిందట, ఒరిస్సా వైపు వెళ్లవచ్చునట. ఈ నెలలో ఇది మామూలేనన్నారు పల్లె వాళ్లు. ఆ సాయంత్రం ప్రసంగం బందరు పెద్దయ్యగారిది, కారులో అప్పుడే దిగారు. "ఒరిస్సాకి పోతుందని చెప్తున్నాడు కదండీ. కూటం ఆపితే మళ్లీ ఎవరైనా వస్తారా?" అన్నారు. నిజమే, అన్ని గుమ్మాలు తిరిగి సాధించుకున్నది ఒక్క మాటతో చేజారిపోతుంది.

నేను పడవ దగ్గరికి వెళ్లి, "మావయ్యా, ఏం చేద్దాం?" అన్నాను. ఆయన చేతులు రెండూ మోకాళ్ల మధ్య బిగించి పెట్టుకుని ఉన్నారు.

"నన్నడక్కు. వీళ్లని పిలిచింది నువ్వు" అన్నారు.

లేవండి అని ఆయన అరిచి ఉంటే వాదించేవాణ్ణేమో. ఆ రెండు మాటలు విని, చాపల మీద ఉన్న పిల్లలందరినీ ఒకసారి చూశాను. వెళ్లి మైకు అందుకుని, కూటం ముగిసిందనీ, అందరూ ఉన్నపళంగా పల్లె వెనకున్న తుఫాను షెల్టరుకు నడవాలనీ చెప్పాను. బందరు పెద్దయ్యగారు కారెక్కి వెళ్లిపోయారు. పల్లె వాళ్లు మాత్రం కదల్లేదు. "మేమెందుకండీ, మాకిది కొత్తా?" అంది పెద్దావిడ. ఇంతలో మా గుడివాడ ఆడపిల్ల ఒకతె, కాలేజీ పిల్ల, ఆవిడ మనవణ్ణి ఎత్తుకుని చంకనేసుకుని నడవడం మొదలుపెట్టింది. ఆ పిల్లను చూసి మిగతా వాళ్లూ తలా ఒకళ్లని ఎత్తుకున్నారు. పిల్లలు వెళ్లిపోతుంటే తల్లులు లేవక ఏం చేస్తారు?

షెల్టరు చేరేసరికి గాలి లేచింది, దాని వెనకే వాన. ఆ గదిలో కాళ్లు చాపుకునే చోటు లేదు. తడిసిన చీరలు, చేపల వాసన, పసివాళ్ల ఏడుపు, ఒకరి భుజం మీద ఒకరి తల. ఎవరూ ముక్కు మూసుకోలేదు. బయట గాలి రేకేదో పీకి విసిరేసినప్పుడల్లా పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నారు, అది ఎవరి చెయ్యో చూడకుండా.

తెల్లారేసరికి వాయుగుండం ఒరిస్సా వైపే పోయింది. ఒడ్డుకు వెళ్లి చూస్తే మా షామియానా తడిసి వేలాడుతూ అలాగే నిలబడి ఉంది. దాన్ని చూసి కొందరు నవ్వారు.

తర్వాత బందరులో పెద్దలు కూర్చున్నారు. ఇక ఆరుబయట కూటాలు వద్దని తేల్చడానికే ఆ కూర్చోవడం. రేడియో నిజమైంది, నేను పిరికివాణ్ణయ్యాను. నేను తల వంచుకుని ఉండగా, ఎప్పుడూ ఆ సభలకు రాని మావయ్య లేచి నిలబడ్డారు.

"ఉప్పెన రోజున మా వాళ్లందరూ నన్నే అడిగారండి, వెళ్లిపోదామా అయ్యగారూ అని. ఏం ఫర్వాలేదు, గుడిలో కూర్చోండి, ప్రార్థన చేద్దాం అన్నాను. నా మాట మీద కూర్చున్నారండి. మా ఆవిడా, పిల్లా కూడా" అన్నారు. నా వైపు చెయ్యి చూపించి, "నా మేనల్లుడు లెమ్మన్నాడు. ఇంక వాడితో ఏ ఒడ్డుకైనా మా పిల్లల్ని పంపిస్తాను నేను" అని కూర్చున్నారు.

బందరు పెద్దయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకుని, "వచ్చే ఏడు ఎప్పుడు పెట్టుకుందామండీ మాస్టారూ?" అని అడిగారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు పెట్టుకున్నాం, దసరా వదిలి ఎండల ముందు నెలల్లోకి మార్చి. మావయ్య వెళ్లిపోయారు, గుడివాడ, బందరు అయ్యగార్లిద్దరూ వెళ్లిపోయారు. ఇప్పుడు ఎవరికి తోచిన చోట వాళ్లు స్పీకర్లు బిగించుకుని కూటాలు పెట్టుకుంటున్నారు, ఎవరినీ అడగక్కర్లేదు. మంచిదే, ఒక్క ఊఁ కోసం మూడు ఊళ్లు తిరగవలసిన బాధ తప్పింది. కానీ మనం వెళ్తున్న వైపు చూసి, తన గుండెలో పూడ్చుకున్నది తవ్వి చూపించి మరీ వద్దురా అనే పెద్దలు లేని ఊళ్లో, ఆ స్పీకర్ల హోరు విన్నప్పుడల్లా, నాకెందుకో ఇప్పటికీ భయమే వేస్తుంది.