ప్రయోగం సారు నాటకంలో నేను శవాన్ని

బంగారు గనులు మూతపడిన ఆ కొత్తల్లో మా వైపు కుర్రాళ్ళకు రెండే దారులుండేవి. పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పోవడం, లేదా అలా పోయేవాళ్ళను ఎగతాళి చేస్తూ టీ అంగడి ముందు కూర్చోవడం. రెండోదాంట్లో నాకు మంచి పేరే ఉండేది. అక్కడే నన్ను పట్టుకున్నారు ప్రయోగం సారు. (అసలు పేరు వేరే ఉంది, ఎవరూ వాడేవాళ్ళు కాదు.) గౌనిపల్లిలో వాళ్ళది పట్టుగూళ్ళ వ్యాపారం. దాన్ని తమ్ముడికి వదిలేసి ఆయన వేదిక, తెర, రంగు ఏమీ లేని నాటకాలు వేసేవారు. వాటి గురించి చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచేవారు. చూసేవాడు లేచి లోపలికి వచ్చేదాకా నాటకం మొదలు కానట్టే అని ప్రతి పుస్తకంలోనూ రాసేవారు. ఆ లెక్కన ఆయన నాటకం అప్పటిదాకా ఒక్కటీ మొదలు కాలేదు. జనం బుద్ధిగా కూర్చుని, చప్పట్లు కొట్టి, ఇళ్ళకు పోయేవాళ్ళు. చప్పట్లు వింటే ఆయన మొహం వాడిపోయేది.

"ఇంగ ఒక్క నాటకమే ఉండాది అప్పా. దీంట్లోకీ ఎవురూ రాకుంటే పోయి పట్టుగూళ్ళు తూకమేసుకుంటా" అన్నారు. కథ ఏమిటంటే, గని చచ్చిపోయింది. దాని శవాన్ని చాంపియన్ రీఫ్స్ లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ళ వరసల్లో, మోసుకుపోతాం. నడుమ శవం లేచి, "నన్ను చంపిందెవరు?" అని జనాన్ని నిలదీస్తుంది. శవం వేషం నాకిచ్చారు (ప్రతిభను చూసి అని నేననుకున్నాను, బరువు చూసి అని మోసేవాళ్ళు చెప్పారు). ఆ ఒక్క మాటనే గొంతు బొంగురుపోయేదాకా సాధన చేశాను.

ఆదివారం సాయంత్రం పాడె మీద పడుకుని లైన్లలోకి ప్రవేశించాను. గనిలో దిగిన ఆ ఇళ్ళవాళ్ళు శవం ఎదురైతే ఎవరు పోయారని అడగరు. ఏ షాఫ్టు, అంటే ఏ గనిబావిలో పోయాడు అని అడుగుతారు. సారుకు ఆ సంగతి తెలియదు. ఒక ముసలాయన గుమ్మంలోంచి, "ఏ షాఫ్టప్పా?" అన్నాడు. సారు కాస్త తడబడి, "అన్ని షాఫ్టులూ తాతా. గనే సచ్చిపోయింది" అన్నారు.

ముసలాయన చెప్పులు విడిచి దిగి వచ్చాడు. పక్కింటి అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది, తర్వాత తీసేసి గట్టిగా ఏడుపందుకుంది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒకామె నా మెడలో పూలదండ వేసింది. ఎదురింటి చర్చి ఆంటీ తలవైపు నడుస్తూ ప్రార్థన మొదలుపెట్టింది. చావుకు పలకలు వాయించేవాళ్ళు పిలవకుండానే వచ్చారు. పాడె మా వాళ్ళ భుజాల మీంచి జనం భుజాల మీదికి పోయింది. మా నటులు రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నారు.

నా సమయం వచ్చిందని లేచి కూర్చున్నాను. "నన్ను" అనేలోపలే ముసలాయన నా ఛాతీ మీద చెయ్యేసి పడుకోబెట్టాడు.

"పండుకో నాయనా. నాటకమని మాకూ తెలుసు. గనికి ఎవురూ సావు చెయ్యలేదు. ఆ పొద్దు కంపెనీవోళ్ళు తాళమేసుకోని పోయినారు, అంతే. కాసేపు కదలొద్దు."

పడుకున్నాను. పైకి చూస్తే అందరూ ఏడుస్తున్నారు. నాకూ దుఃఖం ఆగలేదు. శవం ఏడిస్తే బాగుండదని కళ్ళు మూసుకున్నాను.

షాఫ్టు గేటు ముందు దించి, తలా పిడికెడు మట్టి చల్లి వెనక్కి తిరిగారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. సారు ఆ గుంపులోనే ముక్కు తుడుచుకుంటున్నారు. అవ్వ మా ఇద్దరినీ ఆపి, "అట్లే యాడికి పోతారప్పా? సావుకు పోయినోళ్ళు నీళ్ళు పోసుకోకుండా ఇంట్లోకి పోకూడదు" అంది. నేను పోయింది నా చావుకేనని చెప్పబోయాను. సారు అప్పటికే బోరింగు కింద తల పెట్టేశారు. నేను ఆయనకు పంపు కొట్టాను, ఆయన నాకు కొట్టారు. వణుకుతూ, "నా డైలాగు పోయింది సార్" అన్నాను. ఆయన వినలేదు. నీళ్ళు కారుతూ, నాటకం మొదలైందని తనలో తాను చెప్పుకుంటున్నారు.

నా నటనను ఒక్కరూ మెచ్చుకోలేదని క్యాసంబళ్ళిలో మా ఇల్లు చేరేదాకా అలిగే ఉన్నాను. ఆ తడిబట్టల కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. ఈసారి నిజంగా పోయినా అంతమంది రారు.