ఎడమ కన్ను బాగుంది

సారు పోయారని మంగళవారం పొద్దున ఓపీలో ఉండగా ఫోన్ వచ్చింది. ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు హమ్మయ్య అనిపించింది. ఇక నన్ను అడిగేవాళ్లు లేరు.

ఎంబీబీఎస్ అయ్యాక కళ్ల పీజీకి ఖమ్మంలో ఆయన దగ్గర చేరాను. ఆదివారాలు మటన్ కొట్టు నుంచి మేక కళ్లు తెప్పించి మాతో కుట్టించేవారు. మధ్యాహ్నం దాకా కుట్టిందంతా కత్తెరతో తెంపేసి, "మళ్ల కుట్టు. మేక ఏడ్వదు, మనిషి ఏడుస్తడు" అనేవారు. ఎవరొచ్చినా బాధ లేదన్న కన్నే ముందు చూడాలి, అది ఆయన పద్ధతి. "అది ఉన్నదో లేదో తెల్వకుండ దీన్నెట్ల ముట్టుకుంటవ్?"

రెండో ఏడు మణుగూరు అవతల అడవి ఊళ్లో క్యాంపు పెట్టాం. ఒక అవ్వకు కుడికంట్లో శుక్లం. ఎడమ కంటిమీద కొంగు కప్పుకుంది. వరుస పొడుగ్గా ఉంది, నాకు ఆకలి. కొంగు తీయమనకుండానే 'ఎడమ కన్ను బాగుంది' అని రాసేశాను. ఒంటికన్ను మనుషులను నేర్చుకునేవాళ్ల చేతికి సారు ఎన్నడూ ఇవ్వరు. నా రాత నమ్మి ఆమె ఆపరేషన్ నాకిచ్చారు. చేయి తడబడింది, చీము పట్టింది, కన్ను పోయింది. ఎడమది చిన్నప్పుడే ముల్లు గుచ్చుకుని పోయిందట.

"నువ్వే చెప్పు పో" అన్నారు సారు. చెప్పాను. అవ్వ, "మరి కట్టు ఎప్పుడు ఇప్పుతవ్ బిడ్డా?" అంది. కట్టు అప్పటికే నా చేతిలో ఉంది.

పైవాళ్లకు రాసిన కాగితంలో తప్పు తనదేనని సారు సంతకం పెట్టారు. నాతో మాత్రం, "నెలనెలా పోయి చూసి రా. నువ్వు తీసిన చూపు ఆమెకు యాడ యాడ అక్కరపడ్తున్నదో నాకొచ్చి చెప్పు" అన్నారు.

చెప్పేదాన్ని, అందరి ముందు. పొయ్యి కాడ వేళ్లు కాల్చుకుంది సార్. అన్నానికి చీమలు పట్టినా తెలియక తినేసింది సార్. పీజీ అయిపోయినా వదల్లేదు. పోయిన నెల మంచంలోంచి లేవలేని మనిషి, నన్ను చూడగానే "ఆమె ఎట్లున్నది?" అన్నారు. ఎంత కసి ఈ ముసలాయనకి అనుకున్నాను. కానీ ఆనాటి నుంచి నేను చూడకుండా ఏ కన్ను గురించీ రాయలేదు.

మొన్న ఆదివారం, అడిగేవాళ్లు లేకపోయినా బస్సెక్కాను. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది అవ్వ.

"సారు పంపిండా?"

"అవ్, పంపిండు" అన్నాను.

ఆమె ఎండకేసి ముఖం తిప్పి, ఎప్పటిలాగే ముందు ఎడమ కంటి రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుంది.